ఉండిలో తెరుచుకోని బ్రౌజరు ఎవరి కోసం?

కొత్త బ్రౌజరు వచ్చిందన్న ప్రకటన వెలువడితే చాలు, మన కంప్యూటర్ అభిమానుల్లో ఒకటే హడావుడి. భీమవరం, తాడేపల్లిగూడెం, ఏలూరు, ఎక్కడైనా అంతే. ఇంజనీరింగ్ చదివే పిల్లలూ, చదువైపోయి హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ పండక్కి ఊరొచ్చేవాళ్లూ అదే మాట చెబుతున్నారు. 2025 జులైలో పర్‌ప్లెక్సిటీ సంస్థ కామెట్ బ్రౌజరును తెచ్చినప్పుడు మొదలైన ఈ ఊపు, అక్టోబరు 21న ఓపెన్‌ఏఐ అట్లాస్‌ను విడుదల చేయడంతో పతాకస్థాయికి చేరింది.

వాళ్ల వాదనను వాళ్లు చెప్పినట్టే ముందు పెడతాను. పాత బ్రౌజర్లో కన్నాలుంటాయి, దొంగలు దూరతారు, అందుకే కొత్తది రాగానే మారిపోవాలి. ఏఐ బ్రౌజర్లు పేజీని చదివి తెలుగులో విడమరచి చెబుతాయి, దరఖాస్తులు వాటంతటవే నింపుతాయి, కాబట్టి ఇంగ్లీషు రాని రైతుకు ఇక అడ్డుగోడ లేదు. కొత్త బ్రౌజర్లు ఎన్ని వస్తే గూగుల్ గుత్తాధిపత్యం అంత సడలుతుంది. పైగా ఇప్పుడు మన దేశానికీ సొంత బ్రౌజరు ఉంది. ఇన్ని వచ్చినా పాతదాన్నే పట్టుకు వేలాడేవాడు తన వెనకబాటుకు తానే బాధ్యుడు.

వినడానికి సబబుగానే ఉంటుంది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, తెలివితక్కువవాళ్లు అసలే కారు. అయినా ఈ వాదనలో మొదటి మాటలో సగం తప్ప మిగిలినదేదీ ఉండి మండలంలో ఒక నెట్ సెంటర్ బల్ల దగ్గర నిలబడదు. ఎందుకు నిలబడదో వరసగా చూద్దాం.

1. మరమ్మతు వేరు, ప్రకటన వేరు

పాత బ్రౌజర్లో కన్నాలుంటాయన్నది నిజం. వాటిని పూడ్చే అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవాల్సిందే. అక్కడ నాకు పేచీ లేదు. ఆ నిజం వెనక దానితో సంబంధం లేని ఇంకో మాటను నడిపించుకు రావడంతోనే నా పేచీ. భద్రతా అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా వచ్చి చేరుతుంది. దానికి వేదికలుండవు, వీడియోలుండవు. కొత్త బ్రౌజరు సంగతి వేరు. అది జనం చేతుల్లో ఇంకా నలగని కోడు. పాత కన్నాలు లేకపోవచ్చు, కొత్తవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. "అప్‌డేట్ వేసుకో" అన్న సలహాలోంచి "కొత్తదానికి దూకు" అన్న సలహా పుట్టదు. మొదటిది జాగ్రత్త, రెండోది జూదం.

సరే, అప్‌డేట్ వేసుకోమంటే వేసుకునే వీలైనా అందరికీ ఉందా? 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 విండోస్ 7నూ, 8.1నూ వదిలేసింది. ఆ యంత్రాలకు 109తోనే ఆఖరు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆపైదో అయ్యుండాలి. ఉండి నుంచి ఆకివీడు దాకా రోడ్డు పక్కనున్న జిరాక్స్ షాపుల్లోనూ, మిల్లు ఆఫీసుల్లోనూ అంతకంటే ముందు కొన్న డెస్క్‌టాపులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటి సీపీయూ మూత తీస్తే దుమ్ము ఉంటుంది గానీ ఆ చిప్పు ఉండదు.

తేదీలు గమనించండి. అక్టోబరు 14న విండోస్ 10 మద్దతు ఆగింది. సరిగ్గా వారానికి, 21న, అట్లాస్ వచ్చింది, అదీ మొదట ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లకు మాత్రమే. మొదటి వార్త మన ప్రాంతంలో లెక్కలేనన్ని బల్లల మీది యంత్రాలకు సంబంధించినది. రెండోది ఎన్ని బల్లలకు వర్తిస్తుందో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మన అభిమానులు వారాల తరబడి చర్చించింది రెండోదాన్ని. విండోస్ 10 ఉన్నవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు అందే ఏర్పాటు ఉందని వీధి చివరి షాపువాడికి చెప్పిన అభిమాని ఎంతమంది? భద్రతే వాళ్ల అసలు బాధ అయితే ముందు చెప్పాల్సింది ఆ ముక్క.

2. "దరఖాస్తు అదే నింపేస్తుంది"

ఈ మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టేది ఇదే.

మన దగ్గర దరఖాస్తు అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. వరి కోతలయ్యాక ధాన్యం అమ్మబోయే రైతు, లేదా చెరువు లీజు కాగితాలు పట్టుకొచ్చిన రొయ్యల రైతు. పేరు సత్యనారాయణ రాజు అనుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. భూమి రికార్డు 1బీలో తెలుగులో ఉంది. పాన్ కార్డులో సత్య, నారాయణ మధ్య ఖాళీ ఉంది, ఆధార్‌లో లేదు. ఒకదాంట్లో టీ పక్కన హెచ్ ఉంది, మరోదాంట్లో లేదు. సర్వే నంబరుకు గీత పెట్టి సబ్‌డివిజన్ నంబరు, దాని పక్కన ఒక అక్షరం. ఒక సైటు ఆ అక్షరాన్ని తెలుగులో అడుగుతుంది, ఇంకోటి ఇంగ్లీషులో. పుట్టిన తేదీలో రోజు ముందా, నెల ముందా అన్నది సైటును బట్టి మారుతుంది.

ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న ఆపరేటరు ఈ కాగితాలన్నీ బల్లమీద పరిచి, "ఏ పేరుతో ఎక్కించమంటారు? బ్యాంకులో ఉన్నట్టే వేస్తే డబ్బులు పడతాయి, ఆధార్‌లో ఉన్నట్టు వేస్తే ఈకేవైసీ అవుతుంది. ముందు బ్యాంకుకెళ్లి సరిచేయించుకు రండి" అని చెబుతాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఉంది అతని నైపుణ్యమంతా. బ్రౌజరులో కూర్చున్న ఏఐ ఏం చేస్తుంది? దానికి ఖాళీ గడి కనబడితే నింపడమే పని. ఇన్ని పేర్లలో సబబుగా తోచినదాన్ని ఎంచుకుని, ఎంతో ధీమాగా ఎక్కించేస్తుంది. తప్పు తేలేది వారాల తర్వాత, డబ్బు పడనప్పుడు. అప్పుడు సత్యనారాయణ రాజు ఎవరిని నిలదీయాలి? ఆపరేటరయితే షాపు తెరిచే వేళకి వెళ్లి గట్టిగా అడగొచ్చు. ఏఐ కంపెనీ షరతుల్లో మాత్రం తమ సాధనం తప్పులు చేయవచ్చనీ, ఫలితాన్ని మీరే సరిచూసుకోవాలనీ ముందే రాసి ఉంటుంది. సరిచూసుకోగలిగితే ఆయన దాని దగ్గరికి ఎందుకు వెళ్తాడు? ఇంగ్లీషు రానివాడి కోసమే ఇది అంటూనే, ఇంగ్లీషు వచ్చినవాడు మాత్రమే పట్టుకోగల తప్పుల భారం ఆయన నెత్తిన పెడుతున్నారు. ఈ వాదనలో అసలు చిల్లు ఇక్కడే ఉంది.

రెండో చిల్లు ఇంకా ప్రమాదకరం. 2025 ఆగస్టులో బ్రేవ్ బ్రౌజరు పరిశోధకులు కామెట్‌లో ఒక లోపాన్ని బయటపెట్టారు. ఒక వెబ్ పేజీలో ఎవడో రాసిన వ్యాఖ్యలో, మనిషి కంటికి కనబడకుండా, ఏఐకి ఆదేశాలు దాచి పెట్టారు. వాడుకరి ఆ పేజీ తెరిచి "దీన్ని క్లుప్తంగా చెప్పు" అన్నాడంతే. ఏఐ ఆ దాచిన ఆదేశాలను తన యజమాని మాటలే అనుకుని, వాడుకరి ఈమెయిలు తెరిచి, అందులోకి వచ్చిన ఓటీపీని చదివి, దాన్ని దొంగ చేతికి అందేలా బయట పెట్టేసింది. ఇది పరిశోధకులు చేసి చూపించిన ప్రయోగం. ఆ ఒక్క లోపాన్ని సరిచేయడంతో పోయేది కాదిది. ఏఐకి పేజీలో చదివే అక్షరాలూ, యజమాని చెప్పే మాటలూ ఒకే దారిలో లోపలికి వెళ్తాయి. ఏది చదవాల్సింది, ఏది పాటించాల్సింది అన్న తేడాను ఖాయంగా పట్టుకునే ఉపాయం ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఈ బెడద పూర్తిగా తీరలేదని ఆ బ్రౌజర్లు తయారుచేసేవాళ్లే ఒప్పుకుంటున్నారు.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులూ పోలీసులూ ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా, మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఇప్పుడిప్పుడే ఆ జాగ్రత్త అలవాటైంది. ఇప్పుడు ఓటీపీని అడగకుండానే చదివేయగల పనిమనిషిని తెచ్చి ఇంట్లో పెట్టుకోమంటున్నారు. అదీ ప్రగతి పేరుతో.

3. చర్చించాల్సినవి చర్చకు రావు

కొత్త పేర్ల చుట్టూ తిరిగే ఈ హడావుడి వల్ల ఇంకో నష్టం ఉంది. ఇప్పటికే వాడుతున్న బ్రౌజర్లలో వచ్చే మార్పులు, నిజంగా పనులు ఆపే మార్పులు, ఎవరి కంటా పడవు.

2015 సెప్టెంబరులో వచ్చిన క్రోమ్ 45 పాత పద్ధతి ప్లగిన్లను పూర్తిగా తీసేసింది. వాటితోపాటు జావా ఆప్లెట్లతో నడిచే సైట్లూ పడుకున్నాయి. ప్రభుత్వ టెండర్లకు డిజిటల్ సంతకం పెట్టే టోకెన్లు చాలా చోట్ల ఆ జావా మీదే ఆధారపడేవి. దాంతో చిన్న కాంట్రాక్టర్లు ఒక కంప్యూటర్లో పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునో, పాత ఫైర్‌ఫాక్సునో అప్‌డేట్ కాకుండా కట్టేసి అట్టే పెట్టుకోవాల్సి వచ్చింది. ఫైర్‌ఫాక్సు కూడా 2017 మార్చిలో ఆ దారే పట్టింది. భద్రత దృష్ట్యా ఆ నిర్ణయం సరైనదే. కానీ సైట్లను మార్చకుండా బ్రౌజరును మార్చితే నలిగేది మధ్యలో ఉన్న మనిషి. ఆ సంగతి గట్టిగా అడగాల్సినవాళ్లు అప్పుడు ఏ బ్రౌజరు ఎన్ని మిల్లీసెకన్లలో తెరుచుకుంటుందో కొలుచుకుంటున్నారు.

పదేళ్ల తర్వాతా అదే కథ. 2025 అక్టోబరు చివర్లో వచ్చిన క్రోమ్ 142 నుంచి ఒక కొత్త నిబంధన వచ్చింది. ఏదైనా వెబ్‌సైటు మీ కంప్యూటర్లోనే నడిచే మరో ప్రోగ్రాముతోగానీ, మీ నెట్‌వర్క్‌లో ఉన్న మరో పరికరంతోగానీ మాట్లాడబోతే బ్రౌజరు ముందు అనుమతి అడుగుతుంది. మంచి నిబంధనే. అయితే ఆధార్ వేలిముద్ర యంత్రాలు పనిచేసే తీరు తెలిసినవాడికి వెంటనే ఒక సందేహం రావాలి. యంత్రంతోపాటు కంప్యూటర్లో ఒక చిన్న సర్వీసు నడుస్తూ ఉంటుంది; వెబ్‌సైటు ఆ సర్వీసుతో మాట్లాడే ముద్ర తీసుకుంటుంది. ఇప్పుడు మధ్యలో ఒక ప్రశ్న మొలిచింది. ఇలాంటి ప్రశ్నలు కనబడగానే "వద్దు" నొక్కమనే మనం ఇన్నాళ్లూ నేర్పాం. అలవాటుగా "వద్దు" నొక్కితే యంత్రం తగిలించే ఉన్నా దొరకలేదనే సమాధానం వస్తుంది. వైరు పీకి మళ్లీ పెడతారు. ఇంకో పోర్టులో పెడతారు. ముసలాయన వేలు గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టమంటారు. ఆయన వేలు అరిగిపోయిందని చెప్పి రేపు రమ్మంటారు. తప్పు ఆయన వేలిది కాదు, అడ్రసు గడి పక్కన ఒక చిన్న గుర్తు నొక్కి అనుమతిస్తే తీరిపోయే చిక్కు అది. ఈ చిన్న విషయం తెలుగులో నాలుగు లైన్లు రాసి నెట్ సెంటర్ గోడకు అంటించగల శక్తి మన కంప్యూటర్ అభిమానులకు ఉంది. వాళ్ల సమయమంతా అట్లాస్, కామెట్ పక్కపక్కన పెట్టి పోల్చడానికి పోయింది.

4. పేర్లు పది, ఇంజను ఒకటే

బ్రౌజర్లు పెరిగితే పోటీ పెరుగుతుందన్నది మూడో మాట. ఎన్ని పెరిగాయో లెక్కపెట్టే ముందు లోపల ఏముందో చూడాలి. పేజీని చదివి తెరమీద గీసే ఇంజనే బ్రౌజరుకు ప్రాణం. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్, కామెట్, అట్లాస్, అన్నిటి కిందా ఉన్నది గూగుల్ ముందుండి నడిపే క్రోమియమే. ఒపెరా 2013లో తన సొంత ఇంజనును వదులుకుంది. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో అదే చేసింది. మిగిలినవి రెండే చెప్పుకోదగ్గవి: ఆపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్సు గెక్కో. ఆ ఫైర్‌ఫాక్సును నడిపే మొజిల్లా ఆదాయంలో సింహభాగం కూడా గూగుల్ చెల్లించేదే.

అంటే పైన రంగు మారిన కొద్దీ కింద పునాది ఒకే చేతిలోకి పోతోంది. రేపు క్రోమియంలో ఒక తెలుగు ఒత్తు తప్పుగా పడితే ఈ బ్రౌజర్లన్నిటిలోనూ తప్పుగానే పడుతుంది.

ఇంకా ఘోరం ఉంది. అమెరికాలో గూగుల్ అక్రమ గుత్తాధిపత్యం నడిపిందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తేల్చారు. క్రోమ్‌ను అమ్మించాలని ప్రభుత్వం కోరింది. 2025 సెప్టెంబరు 2 నాటి తీర్పులో ఆయన ఆ కోరికను తోసిపుచ్చారు. ఏఐ సంస్థల రాకతో రంగం మారిపోయిందన్నది ఆ తీర్పులో ముఖ్యమైన ఆలోచనల్లో ఒకటి. కొత్త ప్రకటనల హోరు గుత్తాధిపత్యాన్ని కూల్చకపోగా దానికే ఒక వాదనగా అక్కరకొచ్చింది.

ఇక స్వదేశీ మాట. కేంద్ర ప్రభుత్వ ఐటీ శాఖ 2023లో భారతీయ బ్రౌజరు పోటీ ప్రకటించింది. 2025 మార్చిలో జోహో సంస్థ మొదటి బహుమతిగా కోటి రూపాయలు గెలుచుకుంది. ఆ సంస్థ బ్రౌజరు ఉలా క్రోమియం మీద కట్టినదే. జోహో ఇంజనీర్ల పనిని నేను తక్కువ చేయడం లేదు. కానీ పునాది అద్దెకు తీసుకుని ఇల్లు మనదేనని చాటుకుంటే దాన్ని స్వావలంబన అనడం కుదరదు. ఇది మొదటిసారీ కాదు. 2010 జులైలో బెంగళూరు నుంచి ఎపిక్ బ్రౌజరు వచ్చింది. భారతదేశపు తొలి బ్రౌజరని అప్పుడూ ఇంతే సంబరం, భారతీయ భాషల్లో టైపు చేసే సదుపాయం ఉందని ఇంతే పొంగిపోవడం. అది మొజిల్లా కోడు మీద కట్టినది. 2013కల్లా క్రోమియం మీదికి మారి, గోప్యతే ప్రధానమంటూ వేరే అవతారం ఎత్తింది. ఆనాడు భారతీయ భాషల కోసమని దించుకున్నవాళ్లలో ఆ సంగతి అడిగినవాళ్లు ఎవరు?

పోటీని బతికించేది దించుకోవడం కాదు, నిలబడి వాడటం. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్సు 3 వచ్చినప్పుడు ఒక్కరోజులో 80,02,530 డౌన్‌లోడ్లతో గిన్నిస్ రికార్డు పెట్టారు. రెండున్నర నెలల్లో, సెప్టెంబరు 2న, క్రోమ్ వచ్చింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో జనం గుంపులుగా ఇటు దూకేశారు. ఈనాటి గుత్తాధిపత్యానికి విత్తనం వేసింది ఆ దూకుడే. అదే దూకుడుతో దాన్ని పీకుతామంటే నమ్మడమెలా?

5. తెలుగు ఎలా వచ్చిందో తెలిస్తే ఇలా మాట్లాడరు

కొత్త బ్రౌజరు వల్ల తెలుగువాడికి గోడ కూలుతుందని చెప్పేవాళ్లు, ఇప్పటిదాకా కూలిన గోడలు ఎవరు కూల్చారో ఒకసారి తెలుసుకోవాలి.

2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఫాంటు వచ్చింది. అయినా తెలుగు సరిగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టాలి. సీడీ లేకపోతే గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురై కనబడేవి. ఆ రోజుల్లో పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లవి. ఒకరి ఫాంటులో రాసింది ఇంకొకరి దగ్గర పిచ్చిగీతలు. ఆ చిక్కు విప్పింది ఏ కంపెనీ ప్రకటనా కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిన వెన్న నాగార్జునే, ఆ రకరకాల ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే పొడిగింపును ఫైర్‌ఫాక్సు కోసం తయారుచేశారు. వీవెన్ లేఖినిని తెచ్చారు. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడం ఎంతోమందికి దానితోనే వచ్చింది. ఫైర్‌ఫాక్సు మెనూలకు తెలుగు మాటలు రాసినవాళ్లు జీతాలు లేకుండా, రాత్రిళ్లు కూర్చుని, ఒక్కో పదం చర్చించుకుని రాశారు.

మామూలు బొత్తాల ఫోన్ల కాలంలో ఇంకో ముచ్చట. ఫోన్లో తెలుగు ఫాంటు లేకపోతే అన్నీ డబ్బాలే కనబడేవి. ఒపెరా మినీలో లోపలి అమరికల పేజీ ఒకటి తెరిచి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా పంపమనే చోట "అవును" అని పెడితే తెలుగు వార్తలు చక్కగా వచ్చేవి. ఆ కిటుకు ఏ ప్రకటనలోనూ లేదు. ఎవరో అభిమాని తవ్వి తీశాడు, ఒకరి నుంచి ఒకరికి పాకింది. అభిమాని విలువ అది. నేను ఈ వ్యాసంలో కోరుతున్నదీ ఆ అభిమానినే.

మరి ప్రకటనలు ఏం చేశాయి? 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్సు క్వాంటం వచ్చింది. వేగం రెట్టింపైందని అందరూ మెచ్చుకున్నారు. పాత పద్ధతిలో రాసిన పొడిగింపులన్నీ ఆ రోజుతో మూగబోయాయి. పద్మ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. పాత ఫాంట్లలో చిక్కుకున్న తెలుగు పేజీలను చదవడానికి ఏళ్ల తరబడి అక్కరకొచ్చిన దారి మూసుకుపోతుంటే, వేగం కొలిచేవాళ్లలో దాని గురించి మాట్లాడినవాళ్లు నాకు కనబడలేదు.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. సందేశంలో ఆ అక్షరం వస్తే చాలు, ఆ ఆప్ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే స్తంభించేది. కోట్లమంది రోజూ రాసే లిపిలోని కూర్పును సరిగా పరీక్షించకుండా ఐఓఎస్ 11ను మార్కెట్లోకి వదిలారన్నది అసలు నేరం. ప్రపంచం మాత్రం దాన్ని ఫోన్లను చంపే తెలుగు అక్షరంగా చెప్పుకుంది. మనవాళ్లూ అదే చెప్పుకుని, ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చి సరిచేసింది. మా భాషను ఎందుకు పరీక్షించలేదని అప్పుడు గట్టిగా అడగాల్సింది. తదుపరి ఐఫోన్ ఎప్పుడని అడిగారు.

ఇప్పటికీ ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక డీటీపీ షాపులోకి వెళ్లండి. శుభలేఖ, కరపత్రం, ఫ్లెక్సీ, అన్నీ అను ఫాంట్లలోనే, చాలా చోట్ల 2001 తర్వాత కొత్త వెర్షనే రాని పేజ్‌మేకర్లోనే. అందులో కంపోజు చేసిన పేరాను తెచ్చి ఏ బ్రౌజర్లో అతికించినా అర్థంలేని అక్షరాలే వస్తాయి. ఏఐ బ్రౌజరు దాన్ని చదవాలంటే ముందు అది తెలుగని దానికి తెలియాలి కదా. ఇన్నేళ్ల స్థానిక రాత, పెళ్లిళ్ల నుంచి గ్రామ చరిత్రల దాకా, అలా ఆ హార్డ్‌డిస్కుల్లో మగ్గుతోంది. దాన్ని యూనికోడ్‌లోకి తెచ్చే పని తాడేపల్లిగూడెం నిట్ విద్యార్థులు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా చేయగలరు. అందులో ప్రకటన వీడియో ఉండదు. అందుకే ఎవరూ తలకెత్తుకోవడం లేదు.

6. వెనకబడినవాడు ఎవడు?

ఆఖరి మాట అన్నిటికంటే అన్యాయమైనది. పాతది వాడేవాడు వెనకబడినవాడట.

మన రొయ్యల రైతు హేచరీ వాడి మాట నమ్మి పిల్లను చెరువులో వదలడు. ల్యాబుకి పంపి పీసీఆర్ పరీక్ష చేయించి, వైరస్ లేదని కాగితం చేతికొచ్చాకే వదులుతాడు. ఆ రైతును ఎవరైనా వెనకబడినవాడంటారా? నెట్ సెంటర్ ఆపరేటరు కూడా అదే చేస్తున్నాడు. తన వేలిముద్ర యంత్రం, తన ప్రింటరు, మీసేవ పేజీ, సర్టిఫికెట్ పీడీఎఫ్, ఇవన్నీ కలిసి పనిచేసే ఒక అమరికను కష్టపడి కుదుర్చుకున్నాడు. దాన్ని చెడగొట్టుకోవడానికి భయపడుతున్నాడు. ఆ భయంలో అనుభవం ఉంది. క్యూలో ఇరవైమంది నిలబడి ఉండగా బ్రౌజరుతో ప్రయోగాలు చేసే తీరిక అతనికి లేదు.

వెనకబడింది అతను కాదు, అతన్ని వదిలేసి ముందుకు పోయిన తయారీదారులు. 2025 నాటి గూగుల్ పత్రాల ప్రకారం క్రోమ్‌లోపలే ఏఐ నడవాలంటే డిస్కులో 22 జీబీ ఖాళీ ఉండాలి, గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీకి మించి ఉండాలి. ఈ కొలతలు రాసినవాళ్ల మనసులో కొల్లేటి లంకల్లోని కంప్యూటరు లేదు. ఆ కొలతలకు తూగనివాణ్ణి తప్పుపట్టే హక్కు మనకెక్కడిది?

మన రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. దానిలోనూ లోపాలుంటాయి, ఒక విదేశీ కంపెనీ ఆప్ మీద ఆధారపడటం మీద నాకు అభ్యంతరాలున్నాయి. కానీ ఒక్క విషయంలో అది సరైన చోట మొదలైంది: జనం చేతిలో ఇప్పటికే ఉన్నదేమిటి అని చూసి, అక్కడికి సేవను తెచ్చింది. బ్రౌజరు మార్చుకోమని ఎవరినీ అడగలేదు.

కాబట్టి కంప్యూటర్ అంటే ప్రాణం పెట్టే మన పిల్లలను నేను అడిగేది ఇది. తదుపరి ప్రకటన వచ్చిన రోజు మీరు వేయాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఇది 4 జీబీ ర్యామున్న పాత విండోస్ యంత్రంలో నడుస్తుందా? వేలిముద్ర యంత్రంతో మాట్లాడుతుందా? ఒత్తులూ గుణింతాలూ ముద్రణలోనూ సరిగా పడతాయా? ఏఐ తప్పు నింపితే బాధ్యత ఎవరిది, ఫిర్యాదు తెలుగులో తీసుకుంటారా? ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామని రాతపూర్వకంగా చెబుతున్నారు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికేదాకా "దించుకోండి" అన్న మాట మీ నోట రాకూడదు. తెలుగులో తప్పు కనబడితే బగ్ రిపోర్టు రాయండి, సరిచేసేదాకా వెంటపడండి. మీ ఊరి మీసేవ కేంద్రంలో ఒక పూట కూర్చుని, ఏ పేజీ ఎక్కడ ఆగుతోందో రాసుకుని, ఆ సైటు నడిపే శాఖకు పంపండి.